తిట్టు ఎక్కడ తిట్టవుతుంది? స్పానిష్ వాడుక మాటలు, బూతులు: అర్థం, ప్రయోగం

పరిచయం

స్పానిష్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థిని ఊహించుకోండి. స్పెయిన్‌లో అచ్చయిన పాఠ్యపుస్తకం చదివాడు. 'బస్సు ఎక్కాలి' అనడానికి అందులో 'కొహేర్' అనే క్రియ ఉంది. పట్టుకోవడం, తీసుకోవడం, ఎక్కడం అన్నింటికీ స్పెయిన్‌లో అదే మాట. చిన్నపిల్లలూ అంటారు, రైల్వే స్టేషన్ కౌంటరులోనూ అంటారు. ఈ విద్యార్థి ఉద్యోగం మీద మెక్సికో వెళ్లి, మొదటి రోజు ఆఫీసులో 'నేను బస్సును కొహేర్ చేయాలి' అన్నాడు. పక్కనున్నవాళ్లు తల వంచుకుని నవ్వుకున్నారు. మెక్సికోలో, అర్జెంటీనాలో, ఇంకా పలు లాటిన్ అమెరికా దేశాల్లో ఆ క్రియకు మొదట స్ఫురించే అర్థం సంభోగం. విద్యార్థి వ్యాకరణం తప్పలేదు, ఉచ్చారణ తప్పలేదు, నిఘంటువు కూడా తప్పలేదు. తప్పింది చోటు.

ఈ పాఠంలో మనం చర్చించే విషయం అదే. స్పానిష్ దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. 20 దేశాల్లో రాజ్య వ్యవహారాలు ఆ భాషలోనే జరుగుతాయి. ఇంత విస్తరించిన భాషలో ఒక మాట తిట్టా, ముద్దుమాటా, మామూలు మాటా అన్నది ఆ మాటను మాత్రమే చూస్తే తెలియదు. ఏ దేశంలో, ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అన్నారో చూడాలి.

పాఠంలో కొన్ని అశ్లీల పదాలు వస్తాయి. వాటిని భాషాశాస్త్ర దృష్టితో పరిశీలిస్తాం కనుక అర్థాలను దాచడం లేదు. వైద్య విద్యార్థి శరీర భాగాల పేర్లు చదివినట్లే మీరూ వీటిని చదవండి. స్పానిష్ పదాలను తెలుగు లిపిలో దగ్గరి ఉచ్చారణతో ఇచ్చాం.

ఒకే మాట, వేరు వేరు దేశాలు

ఇలాంటి అనుభవం తెలుగువారికి కొత్త కాదు. 'దొబ్బు' అనే క్రియకు మన నిఘంటువులు 'నెట్టు, తోయు' అని అర్థం చెబుతాయి. నేడు ఆ మాటను పదిమందిలో అనడానికి చాలామంది జంకుతారు. అర్థ విపరిణామం పాఠంలో మీరు 'కంపు' గురించి చదివే ఉంటారు. ఒకప్పుడు అది ఏ వాసనకైనా చెల్లిన మాట, ఇప్పుడు దుర్వాసన మాత్రమే. దీనినే అర్థాపకర్ష అన్నాం. స్పానిష్‌లోని విశేషమేమిటంటే, ఈ అపకర్ష ఒక దేశంలో జరిగి పక్క దేశంలో జరగకుండా ఆగిపోవడం.

'కోంచ' అంటే గవ్వ, ఆల్చిప్ప. స్పెయిన్‌లో సాన్ సెబాస్తియాన్ నగరపు ప్రసిద్ధ సముద్రతీరం పేరు 'లా కోంచ'. కొన్సెప్‌సియోన్ అనే పేరున్న స్త్రీని ఇంట్లో ముద్దుగా 'కోంచ' అని పిలవడం అక్కడ పాత అలవాటు. మెక్సికోలో అదే పేరుతో గవ్వ ఆకారపు గీతలున్న ఒక తీపి రొట్టె దొరుకుతుంది, ఉదయం కాఫీతో తింటారు. అర్జెంటీనాలో, ఉరుగ్వేలో, చిలీలో, పెరూలో మాత్రం అది స్త్రీ జననాంగానికి మోటు పేరు. అక్కడి ఘాటైన తిట్లు ఎన్నో ఆ మాట చుట్టూ అల్లుకున్నవే. స్పెయిన్‌లో అమ్మమ్మ పేరైన మాట బ్యూనస్ ఎయిరీస్ వీధిలో కొట్లాటకు దారితీయగలదు.

బొప్పాయిని స్పానిష్‌లో 'పపాయా' అంటారు. క్యూబాలో, ముఖ్యంగా హవానా వైపు, ఆ మాటకు ఇదే మోటు అర్థం అంటుకుంది. అందువల్ల పండ్ల దుకాణంలో దాన్ని 'ఫ్రూతా బోంబా' అని అడుగుతారు. మాటకు బాంబు పండు అని అర్థం. 'పీకొ' కొలంబియాలో చిన్న ముద్దు, చిలీలో పురుషాంగం. 'గ్వాగ్వా' క్యూబాలో బస్సు, చిలీలో చంటిబిడ్డ. ఇందులో బూతేమీ లేదు గాని, 'గ్వాగ్వా ఎక్కాను' అన్న వాక్యం చిలీ మనిషికి ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. ఇక్కడ రెండు పదాలకూ పుట్టుక వేరు. చిలీ వాడుక ఆండీస్ పర్వత ప్రాంతపు కెచువా భాష నుంచి వచ్చింది.

'పించె' మరో మంచి ఉదాహరణ. స్పెయిన్‌లో వంటింట్లో కూరగాయలు తరిగే సహాయకుడిని పించె అంటారు, అది ఒక ఉద్యోగం పేరు. మెక్సికోలో నామవాచకం ముందు పెట్టి వాడే తిట్టు విశేషణం, మన 'దిక్కుమాలిన' లాంటిది, దానికన్నా ఘాటు. 'పెందేహొ' మొదట్లో జననాంగాల వద్ద వెంట్రుక. మెక్సికోలో అది మూర్ఖుడయింది, అర్జెంటీనాలో కుర్రకుంక అయింది, పెరూలో తెలివిగా బోల్తా కొట్టించే ఘటికుడయింది. పెరూ మనిషి మెచ్చుకోలుగా అన్నది మెక్సికో మనిషికి అవమానంగా తగలవచ్చు.

వ్యాపార సంస్థలకు ఈ తేడాలు డబ్బుతో కూడిన వ్యవహారం. మన దేశంలో 'పజెరో' పేరుతో అమ్మిన మిత్సుబిషి వాహనం మీకు తెలిసే ఉంటుంది. ఆ పేరుకు మూలం దక్షిణ అమెరికాలోని ఒక అడవిపిల్లి శాస్త్రీయ నామం. స్పానిష్‌లో 'పహేరొ' అంటే హస్తప్రయోగం చేసుకునేవాడు. అందుకే స్పెయిన్‌లోనూ లాటిన్ అమెరికాలోనూ ఆ కంపెనీ అదే బండిని 'మోంతెరో' పేరుతో అమ్మింది. ఇలాంటిదే మరో కథ మేనేజ్‌మెంటు తరగతుల్లో తరచు వినిపిస్తుంది. షెవ్రొలే 'నోవా' కారు పేరు స్పానిష్‌లో 'నో వా', అంటే 'కదలదు' అని వినిపించి అమ్మకాలు పడిపోయాయని చెబుతారు. అది కట్టుకథ. ఆ కారు మెక్సికోలో, వెనెజుయెలాలో బాగానే అమ్ముడైంది. మెక్సికో ప్రభుత్వ చమురు సంస్థ 'నోవా' పేరుతో పెట్రోలు కూడా అమ్మింది. ఏ మాటైనా విదేశంలో బూతు కావచ్చని భయపడేవారు ఈ రెండో కథనూ గుర్తుంచుకోవాలి. మాట ఎలా వినిపిస్తుందో అక్కడివారినే అడగాలి గాని మనం ఊహించుకోకూడదు.

తిట్టుకు బలం ఎక్కడి నుంచి వస్తుంది?

ఏ సమాజమైనా దేన్ని పవిత్రంగా దాచుకుంటుందో, తిట్టు అక్కడే గురిపెడుతుంది. మనవాళ్లు 'అమ్మతోడు' అని ఒట్టు వేస్తారు. బలమైన తిట్లు కూడా అమ్మ మీదికే వెళతాయి. ఈ రెండింటికీ మూలం ఒకటే.

స్పెయిన్ శతాబ్దాల పాటు కాథలిక్ చర్చి నీడలో బతికిన దేశం. దైవదూషణ 1988 వరకు అక్కడి శిక్షాస్మృతిలో నేరంగా ఉండేది. అలాంటి చోట నోటికి అందిన తిట్టు ఏమిటో చూడండి. చర్చి ఆరాధనలో పూజారి భక్తుల నాలుకపై ఉంచే పలుచని గుండ్రటి అప్పాన్ని 'ఓస్తియా' అంటారు. భక్తులకు అది సాక్షాత్తు క్రీస్తు శరీరం. వీధిలో అదే మాట ఆశ్చర్యార్థకం, తిట్టు, మెప్పు, అన్నీ. 'వాడికి ఒక ఓస్తియా ఇచ్చాను' అంటే చెంపదెబ్బ కొట్టాను. 'ఆ సినిమా ఓస్తియా' అంటే అదిరిపోయింది. 'చెడ్డ ఓస్తియాతో ఉన్నాడు' అంటే మండిపడుతున్నాడు. 'మొత్తం ఓస్తియాతో వచ్చాడు' అంటే రివ్వున వచ్చాడు. పక్కన చేరే మాట మారితే అర్థం మొత్తం మారుతోంది. నిఘంటువులో 'అప్పం' అని చూసినవారికి ఈ వాక్యాల్లో ఒక్కటీ బోధపడదు.

పవిత్రమైనదాన్ని తిట్టాలని ఉంటుంది, తిట్టడానికి భయమూ ఉంటుంది. ఈ రెంటి మధ్య నలిగి పుట్టేదే సభ్యోక్తి. మనం దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటాం కదా. స్పానిష్ వారి పద్ధతి కొంచెం వేరు. మోటు మాట మొదలుపెట్టి, నాలుక మీదికి వచ్చాక, అదే ధ్వనితో మొదలయ్యే అమాయకపు మాటలోకి మళ్లిస్తారు. 'ఓస్తియా' అనబోయి 'ఓస్త్రాస్' అంటారు, అంటే సముద్రపు ఆల్చిప్పలు. మలానికి మోటు పేరైన 'మియెర్దా' అనబోయి 'మియేర్కొలెస్' అంటారు, అంటే బుధవారం. కాలికి రాయి తగిలినప్పుడు ఒక పెద్దావిడ 'బుధవారం!' అని అరిస్తే మీరు క్యాలెండరు వెతక్కండి. సంభోగార్థం ఉన్న 'హొదేర్' స్థానంలో 'హొలీన్' వస్తుంది, దానికి సొంతంగా అర్థమే లేదు. దేవుడు అనే 'దియోస్' స్థానంలో పది అనే 'దియేస్' వస్తుంది. మన సినిమాల్లో, కార్టూన్లలో వినిపించే 'కరాంబా' కూడా 'కరాహొ' అనే పురుషాంగవాచకానికి మెత్తని రూపమే.

శాపనార్థాల్లో మనకూ వారికీ ఆశ్చర్యకరమైన పోలిక ఒకటుంది. 'కె తె పార్తా ఉన్ రాయొ' అనే పాత స్పానిష్ శాపానికి 'నిన్ను పిడుగు చీల్చాలి' అని అర్థం. మన పల్లెల్లో 'నీ మీద పిడుగు పడ' అన్న మాట విన్నవారికి దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

స్పెయిన్ తిట్లలో దేవుడు ఎంత ముఖ్యమో, మెక్సికో తిట్లలో తల్లి అంత ముఖ్యం. తండ్రి అనే 'పాద్రె' అక్కడ మెచ్చుకోలు. 'కె పాద్రె' అంటే 'ఎంత బాగుందో'. తల్లి అనే 'మాద్రె' మాత్రం ఏ వైపుకైనా తిరుగుతుంది. ఒక పలుకుబడిలో 'నాకు లెక్కలేదు', మరో దానిలో 'గందరగోళం', ఇంకో దానిలో 'అద్భుతం', వేరొక దానిలో 'చితక్కొడతాను'. ఇన్ని తిట్లలో నలిగిన మాట కావడం వల్ల మెక్సికోలో మర్యాదస్తులు ఎదుటివారి తల్లి క్షేమం అడిగేటప్పుడు 'మాద్రె' అనరు, 'మమా' అంటారు. పాఠ్యపుస్తకం నేర్పిన శుద్ధమైన మాట మర్యాదకు పనికిరాకపోవడం ఇక్కడ చూస్తున్నాం.

మెక్సికో తిట్లన్నింటికీ నడుమ ఉన్న క్రియ 'చింగార్'. బలవంతంగా చొరబడటం, చెరచడం, పాడుచేయడం, మోసగించడం, వేధించడం అన్న భావాలన్నీ అందులో ఉన్నాయి. దీని పుట్టుకపై ఏకాభిప్రాయం లేదు. స్పానిష్ రాజ అకాడెమీ నిఘంటువు దీన్ని జిప్సీల భాషలో 'పోట్లాడు' అనే మాటతో ముడిపెడుతుంది. మెక్సికో ఆదివాసుల నహువాత్ల్ భాష నుంచి వచ్చి ఉండవచ్చని మరికొందరు అంటారు. ఈ ఒక్క మాట మీద గొప్ప వ్యాసం రాసిన కవి మనకు దూరపు మనిషి కాదు. ఒక్తావియో పాస్ 1962 నుంచి 1968 వరకు న్యూఢిల్లీలో మెక్సికో రాయబారిగా ఉన్నాడు. 1968లో తన ప్రభుత్వం మెక్సికో నగరంలో విద్యార్థులపై కాల్పులు జరిపినందుకు నిరసనగా ఆ పదవి వదులుకున్నాడు. 1990లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఢిల్లీకి రాకముందే, 1950లో వెలువడిన 'ఏకాంతపు చిక్కుదారి' అని మనం చెప్పుకోగల వ్యాస గ్రంథంలో, మెక్సికన్లు స్వాతంత్ర్య దినపు రాత్రి ఉత్సాహంతో వేసే ఒక తిట్టు కేక నుంచి మొదలుపెట్టి ఆ జాతి మనసును చదివే ప్రయత్నం చేశాడు. ఆ కేకలో 'చెరచబడిన తల్లి కొడుకులు' అనే మాట ఉంది. ఆ తల్లి ఎవరు? 16వ శతాబ్దంలో స్పెయిన్ సేనాని కొర్తెస్‌కు దుబాసీగా పనిచేసి, అతనికి బిడ్డను కన్న ఆదివాసీ స్త్రీ మలిన్చెలో పాస్ ఆ తల్లిని చూశాడు. ఆక్రమణ గాయం తిట్టు రూపంలో బతికి ఉందన్నది అతని వాదం.

ఈ వాదాన్ని తరవాతి స్త్రీవాదులు గట్టిగా ప్రశ్నించారు. బానిసగా అప్పగించబడిన ఒక స్త్రీ మీద జాతి అవమానభారాన్ని మోపడం ఏమి న్యాయం అని వారి ప్రశ్న. ఈ విమర్శ సరైనదే అని మా అభిప్రాయం. అయినా ఒక తిట్టును చరిత్ర పత్రంలా చదవవచ్చని చూపినందుకు పాస్ వ్యాసం చదవదగ్గది.

మీ అవగాహనను సరిచూసుకోండి

1. 'కోంచ', 'పపాయా' పదాల్లో జరిగిన అర్థ విపరిణామం ఏ రకానికి చెందింది? అది అన్ని దేశాల్లోనూ జరిగిందా?
2. తెలుగు సభ్యోక్తికీ 'ఓస్త్రాస్', 'మియేర్కొలెస్' వంటి స్పానిష్ సభ్యోక్తులకూ తేడా ఏమిటి? మీ ఊరి వాడుక నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.

తిట్టు చనువుగా మారడం

'వెధవ' అన్న మాటను తీసుకోండి. దాని మూలం 'విధవ'. భర్త పోయిన స్త్రీని సమాజం ఎంత హీనంగా చూసిందో ఆ తిట్టే సాక్ష్యం. కాని తాతయ్య మనవణ్ణి 'ఒరేయ్ వెధవా, ఇలా రా' అని పిలిచినప్పుడు అందులో కోపం లేదు. ఆ మాటే పై అధికారి గుమస్తాతో అంటే గొడవే. మాట ఒకటే, సంబంధం వేరు.

అర్జెంటీనాలో 'బొలూదొ' ఇలాంటిది. పెద్ద వృషణాలు గలవాడు అని మాటకు అర్థం, మందబుద్ధి అని తిట్టు. కాని బ్యూనస్ ఎయిరీస్ కుర్రాళ్లు వాక్యానికి ఒకసారి స్నేహితుణ్ణి 'చె, బొలూదొ' అని పిలుస్తారు, మన 'ఒరేయ్' లాగా. మెక్సికోలో ఆ స్థానం 'వెయ్'ది. ఎద్దు అనే 'బ్వెయ్' నుంచి వచ్చి, మొద్దు అనే అర్థం గుండా ప్రయాణించి, చివరికి 'రా' అన్నంత తేలికైంది. స్పెయిన్‌లో స్నేహితులు 'తీఓ' అనుకుంటారు. తీఓ అంటే మామ, బాబాయి. హైదరాబాదులో కుర్రాళ్లు 'ఏంది మామా' అనుకునేది విన్నవారికి ఈ పిలుపు వింతగా తోచదు. దీనిలో తిట్టు లేదు కాబట్టి మీరు వాడినా ప్రమాదం తక్కువ.

'కాబ్రోన్' మాత్రం జాగ్రత్తగా చూడాలి. అసలు అర్థం మేకపోతు. భార్య చేతిలో మోసపోయినవాడు అని తిట్టు. మెక్సికోలో ఈ ఒక్క మాటే దుర్మార్గుడు, గట్టివాడు, 'కష్టమైన' పని, ప్రాణస్నేహితుడు, అన్నీ అవుతుంది. గొంతులోని ఎత్తుపల్లాలే అర్థాన్ని తేలుస్తాయి. స్పెయిన్‌లో 'వేశ్య కొడుకు' అన్న తిట్టును ఫుట్‌బాల్ చూస్తూ ఆటగాడి ప్రతిభను మెచ్చుకోవడానికి కూడా వాడతారు. మన దగ్గరా క్రికెట్ చూస్తూ ఇటువంటి మెచ్చుకోళ్లు వినని ఇల్లు అరుదు, ఒప్పుకోవడానికి మొహమాటపడతాం గాని.

వృషణాలకు మోటు పేరైన 'కొహోనెస్' నుంచి స్పెయిన్‌లో పుట్టిన మాటలు ఒక చిన్న నిఘంటువంత ఉన్నాయి. అవి ఉండటం ధైర్యం. వాటిని తాకుతూ కూర్చోవడం సోమరితనం. ఒకటి ఖర్చయిందంటే వస్తువు చాలా ఖరీదు. వాటి నుంచి పుట్టిన ఒక క్రియ భయపెట్టడం, మరో క్రియ పగలబడి నవ్వడం. 'కొహొనూదొ' అనే విశేషణం అద్భుతం. ఈ విషయాన్ని పండిత పరిశోధనగా చేపట్టినవాడు నవలాకారుడు కమీలో హొసే సేలా. రాజ అకాడెమీ సభ్యుడై ఉండి, ఫ్రాంకో నియంతృత్వ కాలంలోనే, 1968లో 'రహస్య నిఘంటువు' అనే అర్థం వచ్చే పేరుతో మొదటి సంపుటం ప్రచురించాడు. పాత కవుల నుంచి ఉదాహరణలు తీసి, ఈ మాటలు సాహిత్యంలో ఎప్పుడూ ఉన్నాయని నిరూపించాడు. ఇతనికి 1989లో నోబెల్ బహుమతి వచ్చింది.

భారతదేశం నుంచి నడిచివెళ్లిన మాటలు

స్పానిష్ వీధి భాషలో మనకు చుట్టరికం ఉన్న మాటలు కొన్ని ఉన్నాయి. సుమారు వెయ్యేళ్ల క్రితం వాయవ్య భారతం నుంచి పడమటికి కదిలిన రోమా ప్రజలు, అంటే జిప్సీలు, 15వ శతాబ్దంలో స్పెయిన్ చేరారు. వారి భాష స్పానిష్ వ్యాకరణంతో కలిసి 'కాలో' అయింది. శతాబ్దాల పాటు అణచివేతకు, వేధింపులకు గురైన ఆ ప్రజల మాటలు ముందు బీద పేటల్లోకి, జైళ్లలోకి, తరవాత యువకుల నోళ్లలోకి పాకాయి.

స్పెయిన్‌లో జేబుదొంగను 'చొరీసొ' అంటారు. అదే పేరుతో ఒక మిరప మాంసపు వంటకం కూడా ఉండటం వల్ల మాటకు హాస్యం అబ్బింది గాని, దొంగ అనే అర్థం కాలో భాషలోని 'చోరి' నుంచి వచ్చింది. సంస్కృతంలో 'చోర', మనకు 'చోరుడు', 'చోరీ'. అవినీతిపరులైన నాయకులకు వ్యతిరేకంగా మాద్రిద్‌లో ప్రదర్శనలు జరిగినప్పుడు జనం ఈ మాటతో నినాదాలు చేస్తుంటారు. మాయమాటలతో వలలో వేసుకోవడం అనే అర్థమున్న 'కమెలార్' వెనుక ప్రేమించడం అనే రోమా క్రియ ఉంది, దాని వెనుక సంస్కృత 'కామ' ఉంది. కుర్రాడు అనే 'చవాల్' కూడా రోమా మాటే. ఇవాళ స్పెయిన్ కుర్రకారు 'మొలా' అంటే 'భలే ఉంది' అని అర్థం. అదీ కాలో నుంచి వచ్చినదే. వీటిలో ఏ మాటా వాడుతున్నవారికి భారతదేశం గుర్తుకు రాదు.

అట్లాంటిక్ అవతల బ్యూనస్ ఎయిరీస్‌లో 19వ శతాబ్దం చివర ఓడలు దిగిన ఇటాలియన్ కూలీల మాటలతో 'లున్ఫార్దొ' అనే వీధి భాష పుట్టింది. పని అనే 'లబూరొ' ఇటాలియన్ 'లవోరొ'యే. అక్షరాలను తిరగేసి పలకడం దాని సరదా. 'తాంగొ' అంటే 'గొతాన్', స్నేహితుడు అనే 'అమీగొ' అంటే 'గొమీఆ'. చిన్నప్పుడు పెద్దలకు తెలియకుండా 'క భాష' మాట్లాడుకున్నవారికి దీని ఉద్దేశం వెంటనే తెలుస్తుంది. ఒకప్పుడు దొంగల భాష అని ఈసడించిన లున్ఫార్దొను అధ్యయనం చేయడానికి 1962లో ఒక అకాడెమీయే వెలిసింది.

దెబ్బ ఎవరికి తగులుతుంది?

ఇంతవరకు చూసినవి సరదాగా అనిపించి ఉండవచ్చు. కాని అన్ని తిట్లూ గాలిలో కలిసిపోవు. 'సోర్రొ' అంటే మగ నక్క, మనిషికి వాడితే జిత్తులమారి, అందులో కాస్త మెప్పు కూడా ఉంది. దానికి స్త్రీలింగం 'సోర్రా'. అది వేశ్య అనే తిట్టు. మగ అంగం నుంచి పుట్టిన 'కొహొనూదొ' అద్భుతమైనది. స్త్రీ అంగవాచకమైన 'కోన్యొ' నుంచి పుట్టిన 'కొన్యాసొ' ప్రాణం తీసే విసుగు. ఈ జంటలను పక్కపక్కన పెట్టి చూపి, భాషలోనే పక్షపాతం ఉందని స్పెయిన్ స్త్రీవాదులు వాదించారు. మన 'వెధవ' కథ గుర్తుకు తెచ్చుకోండి.

స్వలింగ ప్రియులైన పురుషులను హీనపరిచే 'పూతొ' అనే మాటను మెక్సికో ఫుట్‌బాల్ ప్రేక్షకులు ప్రత్యర్థి గోల్‌కీపర్ బంతిని తన్నే క్షణంలో మూకుమ్మడిగా అరుస్తారు. ఇది ఆటలో భాగం, ఎవరినీ ఉద్దేశించింది కాదు అని చాలామంది సమర్థించుకున్నారు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఒప్పుకోలేదు. మెక్సికో సమాఖ్యకు పలుమార్లు జరిమానా వేసింది, ప్రేక్షకులు లేకుండా ఆడాలని ఆదేశించిన సందర్భాలూ ఉన్నాయి. అరిచేవాడి ఉద్దేశం ముఖ్యమా, వినేవాడి అనుభవం ముఖ్యమా అన్నదే అసలు వివాదం. స్పెయిన్‌లో దక్షిణ అమెరికా వలసదారులను 'సుదాకా' అంటారు. అది కూడా ఈ కోవలోనిదే. స్నేహితుల మధ్య బొలూదొ మెత్తబడినట్లు ఈ మాటలు బయటివారి నోట మెత్తబడవు.

నేర్చుకునేవారికి

మాతృభాషలో తిట్టు వింటే ఒళ్లు జలదరిస్తుంది. తరవాత నేర్చిన భాషలో అదే బరువున్న తిట్టు తేలిగ్గా నోటికి వస్తుంది. బహుభాషీయులపై జరిగిన పరిశోధనలు ఈ తేడాను గమనించాయి. చిక్కు ఇక్కడే ఉంది. మీ నోటికి తేలికైన మాట ఎదుటివారి చెవికి తేలిక కాదు. పైగా పరాయివాడి నోట తిట్టు రెట్టింపు మోటుగా వినిపిస్తుంది. మన ఊళ్లో కొత్తగా తెలుగు నేర్చిన విదేశీయుడు బజారులో ఒక బూతు వాడితే మనం ఎలా చూస్తామో అలాగే వారూ మనల్ని చూస్తారు.

అందువల్ల ఈ మాటలను గుర్తించడం నేర్చుకోవాలి, వాడటం అవసరం లేదు. గుర్తించకపోతే వచ్చే నష్టం పెద్దదే. మెక్సికన్లతో కలిసి పనిచేసే టెక్సస్ తెలుగువారికైనా, హైదరాబాదులో కూర్చుని స్పానిష్ ఖాతాదారుల ఫోన్లు అందుకునేవారికైనా, అవతలి మనిషి కోపంతో అంటున్నాడా, అలవాటుగా అంటున్నాడా తేల్చుకోవడం పనిలో భాగం. ఎక్కడైనా చెల్లే మాటలు కొన్ని పట్టుకోండి. బస్సు ఎక్కడానికి 'కొహేర్' బదులు 'తొమార్' అనండి, స్పెయిన్‌లోనూ అర్థమవుతుంది, మిగతా చోట్లా నవ్వరు. ఆశ్చర్యానికి స్పెయిన్‌లో 'ఓస్త్రాస్', మెక్సికోలో 'ఇహొలె' చాలు.

నిఘంటువు చూసేటప్పుడు అర్థం కన్నా ముందు పక్కనున్న పొట్టి గుర్తులు చదవండి. 1713లో స్థాపితమైన రాజ అకాడెమీ తన నిఘంటువులో మోటు మాటలకు 'చెవికి చెడుగా వినిపించేది', 'వ్యావహారికం', 'తిరస్కారం' అని సూచనలు ఇస్తుంది. ఏ దేశపు వాడుకో కూడా సంక్షిప్తంగా ఉంటుంది. ఒకే పదం కింద మెక్సికో, చిలీ, అర్జెంటీనా వరుసగా కనిపిస్తే, ఆ మాట దగ్గర కాసేపు ఆగాలని అర్థం.

స్పానిష్ వారికే ఈ తేడాలు తలనొప్పి. మెక్సికో నేపథ్యంలో అల్ఫోన్సో కువారోన్ తీసిన 'రోమా' చిత్రాన్ని నెట్‌ఫ్లిక్స్ స్పెయిన్‌లో ప్రదర్శించినప్పుడు, మెక్సికన్ స్పానిష్‌ను స్పెయిన్ స్పానిష్‌లోకి మార్చి ఉపశీర్షికలు వేసింది. కోపగించడం అనే 'ఎనొహార్సె'ను కూడా 'ఎన్‌ఫదార్సె'గా మార్చారు. మెక్సికోలో దొరికే ఒక చాక్లెట్ కేకు పేరు వేరే చిరుతిండి పేరుగా మారిపోయింది. ఇది స్పెయిన్ ప్రజలకే అవమానకరమని దర్శకుడు మండిపడ్డాడు. 2019 జనవరిలో సంస్థ ఆ ఉపశీర్షికలను తీసేసింది.

అభ్యాసం

మాద్రిద్ నేపథ్యంలోని 'లా కాసా దె పపెల్' ధారావాహిక నుంచి గాని, మెక్సికోలో తీసిన ఏదైనా చిత్రం నుంచి గాని పది నిమిషాల భాగాన్ని ఎంచుకోండి. మొదటిసారి తెలుగు లేదా ఇంగ్లీషు ఉపశీర్షికలతో చూడండి. రెండోసారి ఉపశీర్షికలు తీసేసి, తిట్టుగా తోచిన ప్రతి మాట వద్ద ఆపి మూడు విషయాలు రాసుకోండి: ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, విన్నవారి ముఖం ఎలా మారింది. మూడోసారి మొదటి ఉపశీర్షికలతో పోల్చి, అనువాదకుడు ఎక్కడ తిట్టును పలుచన చేశాడో, ఎక్కడ చనువును తిట్టుగా పొరబడ్డాడో గుర్తించండి. మీ రాతను సంప్రదింపు తరగతికి తీసుకురండి.